నూనె పైన, నీళ్ళు కింద, మధ్యలో మా సత్యప్రసాద్ గారు

మా సత్యప్రసాద్ గారికి ఉన్నది ఒక్కటే జబ్బు. నూనె, నీళ్ళు ఒకే పైపులో కలిసి ఎలా ప్రయాణం చేస్తాయో ఎదుటి మనిషికి చెప్పకుండా ఉండలేరు. ఆ ఎదుటి మనిషి ఎవరన్నది ఆయనకు అనవసరం. చెవులుంటే చాలు. అవి పనిచేస్తున్నాయో లేదో కూడా చూడరు. ఒకసారి నిడదవోలు స్టేషన్లో రైలు ఆలస్యమైతే, పక్క బెంచీ మీద నిద్రపోతున్న పెద్దమనిషికి మొదటినుంచి చివరిదాకా చెప్పి, ఆయన గురక పెట్టిన చోటల్లా "అదేనండీ నేనూ అంటున్నాను" అన్న ఘనులు.

ఆయన దగ్గర నేను లాబ్‌లో కెమిస్టుగా చేశాను. నా పేరు ప్రిస్కిల్లా. నరసాపురం దాటి సముద్రం వైపు వెళ్తే పెదతిప్ప అనే ఊరు, ఆ ఊరి చివర మా టెర్మినల్. సముద్రంలో చాలా దూరాన కంపెనీ వారి ప్లాట్‌ఫామ్ ఉంది. అక్కడ భూమిలోంచి తోడిన నూనె, దానితోపాటు పిలవకుండా వచ్చే ఉప్పునీళ్ళు, రెండూ సముద్రం అడుగున వేసిన ఒకే పైపులో మా దగ్గరికి వస్తాయి. ఇక్కడ వాటిని విడదీస్తాం. ఎంత నూనె వచ్చింది, ఎన్ని నీళ్ళు వచ్చాయి, ఏది ముందు, ఏది వెనక అన్నది చూడటం సత్యప్రసాద్ గారి ఉద్యోగం. ఆ ఉద్యోగం సాయంత్రానికి అయిపోయేది. ఆయనకు మాత్రం అయ్యేది కాదు.

అందరూ పెన్ను పెట్టుకునే జేబులో ఆయన గాజు గొట్టం పెట్టుకునేవారు. రెండు వైపులా బిరడాలు, లోపల సగం నూనె, సగం నీళ్ళు. మంగలి షాపులోనైనా, మందుల షాపులోనైనా అది బయటికి వచ్చేది.

"చూడండి, అడ్డంగా పట్టుకుంటే నూనె పైన, నీళ్ళు కింద. పైపులో మెల్లగా వెళ్ళినంతసేపూ ఇలాగే వెళ్తాయి. ఎవరి దారి వారిది. అదే వేగం పెంచామనుకోండి..." అని గొట్టాన్ని గలగలా ఊపేవారు. "ఇప్పుడేమైంది?"

"కలిసిపోయాయండి," అనేవాడు దొరికిపోయినవాడు.

"కలిసిపోయాయని మీరనుకుంటున్నారు!" అనేవారు సత్యప్రసాద్ గారు, వేటగాడిలా కళ్ళు మెరిపిస్తూ. అక్కడినుంచి అసలు పాఠం మొదలయ్యేది.

ఓసారి కొవ్వూరులో బస్సెక్కి రాజమండ్రి వెళ్తున్నారు. పాత వంతెన మీద పైన బస్సు పోతుంటే కింద రైలు పోతోంది. సత్యప్రసాద్ గారికి ఆనందం ఆగలేదు. "చూశారా! పైన మనం, కింద రైలు. వంతెన ఒక్కటే. అచ్చం నూనె, నీళ్ళే!" అన్నారు కండక్టర్‌తో.

"టికెట్ తీసుకున్నారాండీ?" అన్నాడు కండక్టర్.

"కాకపోతే ఒక తప్పుంది. రైలు మనకన్నా ముందు పోతోంది. మెల్లగా పోయే పైపులో పైనున్నదే ముందుండాలి."

"డ్రైవర్‌కి చెప్పమంటారా?" అన్నాడు కండక్టర్.

పెనుగొండలో మా ఆఫీసు వాళ్ళ పెళ్ళికి వెళ్ళినప్పుడు ఆయన్ని పెళ్ళిపీటల దాకా రానివ్వకూడదని మేమంతా అనుకున్నాం. కానీ భోజనాల హడావిడిలో తప్పించుకున్నారు. మేము పరుగెత్తుకొచ్చేసరికి పెళ్ళికొడుకు మీదికి వంగి, "మరీ మెల్లగా వెళ్ళకు బాబూ, నీళ్ళు అడుగున నిలబడిపోతాయి, పైపు అడుగుని తినేస్తాయి," అంటున్నారు. పెళ్ళికొడుకు మేనత్త ఇంకొక్క మాట రానివ్వకుండా దంపతుల మీద వేయాల్సిన అక్షింతలన్నీ ఆయన నెత్తినే పోసి కిందికి దింపేసింది.

ఇంత చెప్పే మనిషి, ఏదైనా అడిగితే మాత్రం తేల్చి చెప్పేవారు కాదు. "అలా చెప్పడానికి వీల్లేదండీ" అన్నది ఆయన ఊతపదం. కాంటీన్ గంగయ్య టీ ఇచ్చి "పంచదార సరిపోయిందాండీ?" అని అడిగితే, "అలా చెప్పడానికి వీల్లేదండీ. పైన సరిపోయింది. కింద ఇంకా తాగలేదు," అనేవారు. "రేపు వర్షం పడుతుందాండీ?" అంటే సరే. "ఇవాళ మంగళవారమేనాండీ?" అన్నా కూడా గోడ మీది క్యాలెండర్ చూసి, చేతి గడియారం చూసి, అప్పుడు ఒప్పుకునేవారు.

ఆయన భార్య సూర్యకళ గారు కొవ్వూరు కాలేజీలో లెక్కల లెక్చరర్. ఆవిడ ఉద్యోగం అక్కడ, ఈయన ఉద్యోగం ఇక్కడ. శనివారం వచ్చిందంటే సత్యప్రసాద్ గారు పొద్దున్నే గెడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మధ్యాహ్నం దాకా వాచీ చూసుకుంటూ కూర్చునేవారు. ఆ ఒక్కరోజు ఎవరికీ పాఠం చెప్పేవారు కాదు. సోమవారం కొవ్వూరు నుంచి తిరిగొచ్చేటప్పుడు సంచీలో ఆవిడ పెట్టిన గోంగూర పచ్చడి సీసా ఉండేది. దాన్ని వెంటనే తెరిచేవారు కాదు. టేబుల్ మీద ఎదురుగా పెట్టుకుని, మంగళవారం దాకా చూసుకుని, అప్పుడు తెరిచేవారు.

మిగిలిన రోజుల్లో సాయంత్రం ప్రహరీగోడ మూల సిగ్నల్ బాగా వచ్చేచోట నిలబడి ఆవిడకి ఫోన్ చేసేవారు. మేము టీ తాగుతూ వినేవాళ్ళం. ఆ రోజు పైపులో ఏమేం జరిగిందో అంతా ఆవిడకు చెప్పేవారు. అటునుంచి కుక్కర్ కూతలు మాకు కూడా వినిపించేవి.

"వింటున్నావా కళా?"

"ఆఁ, వింటున్నా. నీళ్ళు కింద."

"నీళ్ళు కింద అన్నది నిన్న. ఇవాళ కథ వేరు."

"సరే, చెప్పండి," అనేవారు ఆవిడ. మళ్ళీ కుక్కర్ కూత.

ఇలా జరుగుతుండగా ఒక వేసవిలో కంపెనీ మా పైపుకి కొత్త మీటరు బిగించింది. ఎంత నూనె, ఎన్ని నీళ్ళు అన్నది దానంతటదే కొలిచి కంప్యూటర్ మీద చూపిస్తుంది. మా మేనేజర్ వెంకటరమణ గారు సత్యప్రసాద్ గారిని గదిలోకి పిలిచి, కుర్చీ వేసి, స్వీటు పెట్టారు. శాంపిల్ సీసా ఇవ్వడానికి వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను.

"మీకు మంచి కబురండీ. మీటరు సరిగ్గా ఉందని మీరొక్క మాట అంటే చాలు. ఇక ఇక్కడ మీ పని ఉండదు. రాజమండ్రి ఆఫీసుకి మార్చేస్తారు. గోదావరి దాటితే మీ ఇల్లు. పొద్దున్న ఆవిడ చేతి కాఫీ, రాత్రి ఆవిడ చేతి అన్నం. ఏమంటారు?"

సత్యప్రసాద్ గారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "కొన్నాళ్ళు చూసి చెప్తానండీ," అన్నారు. బయటికొచ్చాక వరండాలో చిన్నపిల్లాడిలా రెండు మెట్లు ఒకేసారి దిగారు. మూడు, నాలుగు వారాల్లో ఆయన వెళ్ళిపోతారని మేమంతా అనుకున్నాం. వీడ్కోలు పార్టీకి గంగయ్య జీడిపప్పు కూడా తెప్పించాడు.

ఆ రోజుల్లోనే పెద్దింట్లమ్మ సంగతి మొదలైంది.

పెద్దింట్లమ్మ మా కాంటీన్‌కి రోజూ పొద్దున్న చేపలు తెచ్చి ఇచ్చేది. ముప్ఫై దాటని మనిషి, మాటకి మాట అప్పజెప్పేది. భర్త బుల్లబ్బాయి చిన్నప్పటినుంచీ పడవ మీద వేటకు వెళ్ళేవాడు. ఆ ఏడు ఆవిడతో చెప్పకుండా పడవలో వాటా వదులుకుని, ప్లాట్‌ఫామ్ మీద హెల్పర్‌గా చేరిపోయాడు. పడవ మీద వెళ్తే సాయంత్రానికో మర్నాటికో మనిషి ఇంటికొచ్చేవాడు. ఇప్పుడు నెలల తరబడి సముద్రం మధ్యలో ఇనుప గూట్లో ఉంటాడు. బయల్దేరేరోజు ఇద్దరికీ పెద్ద గొడవ అయింది. "నువ్వు ఫోన్ చేసినా నేను ఎత్తను," అంది పెద్దింట్లమ్మ. "నేను చేస్తే కదా," అన్నాడు బుల్లబ్బాయి. ఇద్దరూ మాట మీద నిలబడే మనుషులు. అతను చేయలేదు. ఈమె ఎత్తాల్సిన అవసరం రాలేదు.

ఒకరోజు సత్యప్రసాద్ గారు కాంటీన్ కిటికీ దగ్గర గంగయ్యకి పాఠం చెబుతున్నారు. గంగయ్య ఉల్లిపాయలు తరుగుతూ ఏడుస్తున్నాడు. చేపల గంప దించుకుంటున్న పెద్దింట్లమ్మ ఉన్నట్టుండి తలెత్తింది.

"సారూ, ఈ పైపు ప్లాట్‌ఫామ్ నుంచే వస్తుందాండి?"

"అక్కణ్నుంచే అమ్మా."

"మధ్యలో ఎక్కడా ఆగదాండి?"

"ఎక్కడా ఆగదు."

కాంటీన్ ముందునుంచే వెళ్ళే ఆ పైపు మీద ఆమె అరచెయ్యి ఆనించింది. "చల్లగా ఉందండి."

"సముద్రం అడుగునుంచి వచ్చింది కదమ్మా. అక్కడ బయల్దేరినప్పుడు వేడిగానే ఉంటుంది."

"ఆయ్. మా ఆయనా వేడిగానే బయల్దేరాడండి," అంది పెద్దింట్లమ్మ. చెయ్యి తీయకుండానే, "ఇందులో ముందు నూనె వస్తుందాండి, నీళ్ళు వస్తాయాండి?" అని అడిగింది.

సత్యప్రసాద్ గారు తాగబోతున్న టీ పక్కన పెట్టేశారు. ఇన్నేళ్ళుగా ఆయన ఎందరికో చెప్పారు గానీ, ఒక్కరు కూడా ఎదురు ప్రశ్న అడగలేదు.

"మెల్లగా వస్తున్నప్పుడు నూనె ముందుంటుందమ్మా. నీళ్ళు వెనకబడతాయి. పల్లం కనిపిస్తే అక్కడ నిలబడిపోతాయి. ఎత్తు ఎక్కలేవు."

"వెనకబడ్డవి ఇక రావాండి?"

"వస్తాయమ్మా. కాస్త ఆలస్యంగా వస్తాయి. వేరే దారి లేదు కదా."

పెద్దింట్లమ్మ కొంగు తలమీదికి లాక్కుని ఖాళీ గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. సత్యప్రసాద్ గారు టీ చల్లారిపోయేదాకా గేటు వైపే చూస్తూ కూర్చున్నారు.

తరవాతి వారం వెంకటరమణ గారు నవ్వుతూ వచ్చి, "ఏమండీ, మీటరు బాగుందని రాసేద్దామా?" అన్నారు.

"అలా చెప్పడానికి వీల్లేదండీ," అన్నారు సత్యప్రసాద్ గారు.

మేమందరం నోళ్ళు తెరిచాం.

"అక్కడ బయల్దేరేటప్పుడు నీళ్ళెన్ని ఉన్నాయో తెలియకుండా ఇక్కడ మీటరు సంగతి ఎలా తేలుతుందండీ? రోజూ అక్కడ ఒక సీసాలో శాంపిల్ పట్టించి, ఫోన్లో కనుక్కోవాలి. పట్టే మనిషి రోజూ ఒకడే ఉండాలి. ఎవరో బుల్లబ్బాయట, చేపల మనిషి. వల విసిరిన చెయ్యి వణకదు. అతనే పట్టాలి."

అలా మొదలైంది. ప్లాట్‌ఫామ్‌తో మాట్లాడటానికి మా కంట్రోల్ రూములో ఒక ప్రత్యేకమైన ఫోను ఉండేది. దాన్ని హాట్‌లైన్ అనేవాళ్ళం. ఆ గది కిటికీకి ఎదురుగా, చిన్న సందు అవతల, కాంటీన్ కిటికీ. సత్యప్రసాద్ గారు రోజూ పొద్దున్న చేపలు వచ్చే వేళకి ఫోన్ చేసి, "నాకు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి," అని స్పీకర్ పెట్టేవారు.

"హలో! బుల్లబ్బాయేనా?"

"ఆయ్, నేనేనండి."

"శాంపిల్ పట్టావా?"

"పట్టానండి. పైన నూనె, కింద నీళ్ళండి. నీళ్ళు సగం లోపేనండి."

"రాత్రి నిద్ర పట్టిందా?"

"ఏంటండీ?"

"నిద్ర చాలని కంటికి సీసా మీద గీత రెండు గీతలుగా కనిపిస్తుంది. రీడింగ్ తప్పుతుంది. పట్టిందా, లేదా?"

"పట్టిందండి. మొదట్లో పట్టేది కాదండి."

"పొద్దున్న ఏం తిన్నావు?"

"ఉప్మా అండి. ఎందుకండి?"

"జిడ్డు చేత్తో సీసా పట్టుకుంటే నా నూనెలో మీ వంటనూనె కలుస్తుంది. కడుపునిండా తిన్నావా?"

"తిన్నానండి. చేపల పులుసైతే లేదండి."

"ఆ దగ్గేంటి?"

"గాలికండి."

"దగ్గితే సీసా కదులుతుంది. మందు వేసుకో. తగ్గిందో లేదో రేపు చెప్పు."

నాకు నవ్వాగేది కాదు. ఇంటికెళ్ళి మావాళ్ళకి యాక్షన్ చేసి మరీ చూపించేదాన్ని. ఒక మనిషికి పిచ్చి ముదిరితే ఎక్కడిదాకా వెళ్తుందో చూడండి, నూనె కొలవడానికి ఉప్మా సంగతి కూడా కావలసి వచ్చింది అనేదాన్ని.

అదే సమయంలో కాంటీన్‌లో చేపలు తూచడం ఆలస్యం కాసాగింది.

"అమ్మాయ్, ఆ పండుగప్పని ఎన్నిసార్లు తూస్తావే? అరిగిపోతుంది," అని గంగయ్య మొత్తుకునేవాడు. కొన్నాళ్ళకి పెద్దింట్లమ్మ తూచడంతో ఆగలేదు. అటు స్పీకర్‌లో గొంతు వినిపించగానే ఇటు గంగయ్యకి ఇంటి కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది.

"గంగయ్య బాబాయ్! మా అత్తగారి కన్ను ఆపరేషన్ బాగా జరిగింది!"

"నిన్న చెప్పావు కదమ్మా."

"నిన్న గట్టిగా చెప్పలేదు! ఇప్పుడు సూదిలో దారం కూడా ఎక్కిస్తుంది!"

"పక్కనే ఉన్నానే తల్లీ, చెవులు పోతున్నాయి."

ఇంటి వెనక రేకు ఎగిరిపోతే మళ్ళీ వేయించిన సంగతి, పిల్లదానికి పన్ను ఊడిన సంగతి, మేనమామ కూతురు సంబంధం కుదిరిన సంగతి, అన్నీ గంగయ్యకి వినిపించేవి. వద్దన్నా వినిపించేవి. అవన్నీ అయ్యాకే స్పీకర్ అవతలినుంచి బుల్లబ్బాయి, "సార్, ఇవాళ నీళ్ళు తేటగా ఉన్నాయండి," అనేవాడు.

వర్షాకాలం వచ్చేసరికి వెంకటరమణ గారి ఓపిక అయిపోయింది. "సత్యప్రసాద్ గారూ! అతను చెప్పేదీ, మీటరు చూపించేదీ రోజూ ఒకటే కదండీ!"

"ఇవాల్టిదాకా ఒకటేనండీ. రేపు కూడా ఒకటే అవుతుందని అలా చెప్పడానికి వీల్లేదండీ."

"మీకసలు రాజమండ్రి వెళ్ళాలని లేదా?"

సత్యప్రసాద్ గారు జేబులో గాజు గొట్టం సర్దుకున్నారు. "వెళ్ళాలనే ఉందండీ," అన్నారు. ఆ మాట అన్నప్పటి ఆయన గొంతు అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. ఆ సాయంత్రం గోడ మూల ఫోన్లో, "ఇంకొన్నాళ్ళు, కళా. ఇంకా తేలలేదు," అంటుంటే విన్నాను. ఆవిడేమన్నారో గానీ ఈయన మెల్లగా నవ్వారు. నవ్వాక ఫోను జేబులో పెట్టుకుని, గోదావరి ఉన్న దిక్కుకి తిరిగి అలాగే నిలబడిపోయారు. అక్కడినుంచి కొవ్వూరు కనిపించదు. మధ్యలో కొబ్బరిచెట్లు, చేపల చెరువులు, ఊళ్ళు, ఎన్నో ఉన్నాయి. అయినా చూశారు.

కార్తీక మాసంలో వాయుగుండం పట్టింది. ప్లాట్‌ఫామ్ మీద నూనె బావులు మూసేసి, పైపు వాల్వు కట్టేశారు. కొంతమందిని ముందే ఒడ్డుకు తెచ్చేశారు. కొంతమంది అక్కడే ఉండిపోయారు. ఆ ఉండిపోయినవాళ్ళలో బుల్లబ్బాయి ఒకడు. గాలి ముదిరాక ప్లాట్‌ఫామ్ మీద సిగ్నల్ టవర్ ఒరిగిపోయిందట. హాట్‌లైన్ మూగబోయింది.

అంతవరకు ఆ పైపు శబ్దం చేస్తుందని మాలో ఎవరికీ తెలియదు. ఆగిపోయాకే తెలిసింది.

మర్నాటికి గాలి తగ్గింది గానీ వాన తగ్గలేదు. కబురు లేదు. పెద్దింట్లమ్మ వచ్చింది. చేతిలో గంప లేదు. కాంటీన్ ముందు పైపు పక్కన కూర్చుని దాని మీద చెయ్యి వేసుకుంది. గంగయ్య ఆమె నెత్తిమీదికి టార్పాలిన్ లాగి కట్టి, టీ పెట్టాడు. ఆమె ముట్టుకోలేదు. సత్యప్రసాద్ గారు కూడా వచ్చి ఆ టార్పాలిన్ కింద స్టూలు మీద కూర్చున్నారు. ఎదురుగా మనిషి ఉండగా ఆయన నోరు మెదపకుండా కూర్చోవడం నేను చూసింది అప్పుడే.

చివరికి ఆమే అంది, "చెప్పండి సారూ."

"ఏం చెప్పనమ్మా?"

"అదేనండి, నూనె, నీళ్ళు. ఆగిపోయినప్పుడు అవి ఏం చేస్తాయి?"

ఆయన గొట్టం బయటికి తీయలేదు. చాలా నెమ్మదిగా చెప్పారు. "ఎక్కడివక్కడ పడుకుంటాయమ్మా. నూనె పైకి చేరుతుంది, నీళ్ళు కిందికి చేరతాయి. విడిపోయినట్టే ఉంటాయి. కానీ ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి. అక్కడ ఎవరైనా వాల్వు తిప్పితే మళ్ళీ బయల్దేరతాయి. పైపు ఒడ్డు ఎక్కే ముందు ఒక పల్లం ఉంది. అందులో చేరిన నీళ్ళు ముందు వస్తాయి. గడగడమంటూ వస్తాయి."

"అక్కడ తిప్పితే ఇక్కడ ఎంతసేపటికి తెలుస్తుందండి?"

"వెంటనే తెలుస్తుంది."

ఆమె తలూపింది. చెయ్యి మాత్రం తీయలేదు. ఆ పొద్దంతా ఆయన పైపు గురించి చెబుతూనే ఉన్నారు. ఆమె అడుగుతూనే ఉంది. అడిగినవే అడిగింది. చెప్పినవే చెప్పారు.

మధ్యాహ్నం దాటాక పెద్దింట్లమ్మ ఒక్కసారిగా లేచి నిలబడింది. "సారూ!" అంది. మాకేం వినిపించలేదు. ఆమె చేతికి ముందు తెలిసింది. తరవాత మాకూ వినిపించింది. గడగడమని, ఎవరో బిందెలు దొర్లించుకుంటూ వస్తున్నట్టు, పైపు కదిలింది.

వెంకటరమణ గారు తడుస్తూ పరుగెత్తుకొచ్చారు. "ఎవరో వాల్వు తిప్పారండీ! మనుషులున్నారు!"

"ఎవరండి తిప్పింది?" అని అడిగింది పెద్దింట్లమ్మ. సత్యప్రసాద్ గారినే అడిగింది.

ఆయన ఏమంటారో నాకు తెలుసు. ఇవాళ మంగళవారమా అంటేనే ఒప్పుకోని మనిషి. వద్దు సార్, ఇవాళ ఆ మాట అనొద్దు అని లోపల్లోపల మొక్కుకున్నాను.

"బుల్లబ్బాయమ్మా," అన్నారు సత్యప్రసాద్ గారు, క్షణం ఆలోచించకుండా.

"అదెలా చెప్తారండీ?" అన్నారు వెంకటరమణ గారు.

"పైపు అదరకుండా ఎంత మెల్లగా తిప్పాడో చూడండి. అది అతని చెయ్యే."

పెద్దింట్లమ్మ అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే చల్లారిపోయిన టీ తాగేసింది.

పొద్దు వాలకముందే హాట్‌లైన్ మోగింది. సత్యప్రసాద్ గారు ఎత్తి స్పీకర్ నొక్కారు.

"సార్, బుల్లబ్బాయినండి. ఇక్కడ అందరం బాగానే ఉన్నామండి. శాంపిల్ పట్టానండి. ఇవాళ పైన నూనె..."

"ఏవయ్యా!" అంది పెద్దింట్లమ్మ, గుమ్మంలోంచి. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు.

"ఎవరూ?" అని అటునుంచి వినిపించింది.

"ఎవరేంటి, నీ మొహం! అన్నం తిన్నావా?"

"తిన్నానే... నేను ఫోన్ చేస్తే ఎత్తనన్నావు కదా?"

"నేనెత్తలేదు. సారు ఎత్తారు."

"నేనూ నీకు చేయలేదులే. కంపెనీ పని మీద చేశాను."

"అలాగే చెప్పుకో."

"అమ్మ సూదిలో దారం ఎక్కిస్తుందా?"

"ఆ సంగతి నీకెవరు చెప్పారు?"

"గంగయ్య బాబాయ్‌కి రోజూ అరిచి చెప్పేదానివి కదే. సముద్రం అంతా వినబడింది," అన్నాడు బుల్లబ్బాయి. ఆమె కుర్చీ లాక్కుని ఫోన్ ఎదురుగా కూర్చుంది.

సత్యప్రసాద్ గారు మమ్మల్నందర్నీ సైగ చేసి బయటికి పంపేశారు. వెంకటరమణ గారు కదల్లేదు. "అది హాట్‌లైనండీ! సొంత మాటలకు..." అంటున్నారు. సత్యప్రసాద్ గారు ఆయన భుజం మీద చెయ్యి వేసి, "వెంకటరమణ గారూ, ఇలా రండి. మీకొక విషయం చెప్పాలి. పైపులో నూనె, నీళ్ళు కలిసి వెళ్తున్నప్పుడు..." అంటూ వరండా చివరిదాకా నడిపించుకుపోయారు. గాజు గొట్టం తీశారు. ఊపారు. అడ్డంగా పట్టారు. నిలువుగా పట్టారు. పాపం వెంకటరమణ గారు గోడకి ఆనుకుని, తప్పించుకునే దారి లేక, మొదటినుంచి చివరిదాకా మొత్తం విన్నారు. కంట్రోల్ రూములోంచి నవ్వు వినిపించేదాకా ఆ పాఠం ముగియలేదు.

"అయిందాండీ?" అన్నారు వెంకటరమణ గారు నీరసంగా.

"అయిందండీ. అన్నట్టు, మీటరు సరిగ్గానే ఉంది. రాసేయండి."

"ఎప్పటినుంచి?"

"బిగించిన రోజునుంచీనండీ," అన్నారు సత్యప్రసాద్ గారు, గొట్టం జేబులో పెట్టుకుంటూ.

వెంకటరమణ గారు కంట్రోల్ రూము వైపు చూశారు. కళ్ళు తుడుచుకుంటూ, వాన జల్లు పడిందన్నారు.

క్షేమంగా తిరిగొచ్చిన బుల్లబ్బాయి ఇప్పుడు వంతుల వారీగా ప్లాట్‌ఫామ్‌కి వెళ్ళి వస్తున్నాడు. ఆలుమగలు రోజూ ఫోన్లో దెబ్బలాడుకుంటారు. ఇద్దరూ ఆరోగ్యంగానే ఉన్నారు. సత్యప్రసాద్ గారు రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన స్థానంలో ఎవరూ రాలేదు. కంప్యూటరే అన్నీ చెబుతుంది. పొద్దున్నపూట చేపలు చకచకా తూచేస్తారు. టీ తాగేటప్పుడు పంచదార గురించి ఎవరూ ఆలోచించరు. గంగయ్య ఉల్లిపాయలు తరుగుతూ ఒక్కోసారి కత్తి ఆపి, "ఏంటోనమ్మా, ప్రశాంతంగా ఉంటే తోచటం లేదు," అంటాడు. నాకూ అంతే.

మొన్న సెలవు పెట్టి కొవ్వూరు వెళ్ళాను. సత్యప్రసాద్ గారు నా కోసం గోదావరి చేప కొనడానికి వెళ్ళి, చేపలమ్మాయికి పాఠం చెబుతూ ఆలస్యం చేశారు. ఆ సందులో సూర్యకళ గారిని అడిగేశాను. "అన్ని నెలలు ఆయన రానంటే మీకు కోపం రాలేదాండీ?"

"ఎందుకు రాలేదూ? గట్టిగానే దెబ్బలాడాను," అన్నారావిడ నవ్వుతూ. "అప్పుడు ఆయనొక మాట అడిగారు. 'కళా, రోజూ నేను చెప్పేది నువ్వు వినవని నాకు తెలుసు. కుక్కర్ కూత నాకూ వినిపిస్తుంది. అయినా ఫోన్ పెట్టెయ్యవు. ఎందుకు?' అన్నారు. ఏం చెప్పను? 'మీ గొంతు వినిపిస్తుంది కదండీ' అన్నాను. 'ఆ అమ్మాయికి ఆ గొంతు కూడా లేదు కళా, ఇంకొన్నాళ్ళు ఓర్చుకో' అన్నారు. ఇంకేం దెబ్బలాడతాను? నేనూ ఓర్చుకున్నాను."

ఆ మాట చెప్పి ఆవిడ వంటింట్లోకి వెళ్ళారు. కాసేపటిదాకా బయటికి రాలేదు.

సాయంత్రం ఇద్దరూ నన్ను బస్సెక్కించడానికి వచ్చారు. సత్యప్రసాద్ గారు కిటికీ దగ్గర నిలబడి నాకు జాగ్రత్తలు చెబుతూ చెబుతూ, నా పక్క సీటాయన కొత్తవాడని గమనించారు. ఇంకేముంది. బస్సు కదిలినా ఆపలేదు. కొంతదూరం పక్కనే నడిచారు. చెయ్యూపుతున్నారో, గొట్టం ఊపుతున్నారో నాకు తెలియలేదు.

"పాపం పెద్దాయన," అన్నాడు పక్క సీటాయన. "వినేవాళ్ళెవరూ ఉండరనుకుంటానండి."

నేను కిటికీలోంచి వెనక్కి చూశాను. ఆయన అప్పటికే జామకాయల బండివాడి వైపు తిరిగి చేతులు తిప్పుతున్నారు. చినుకులు మొదలయ్యాయి. సూర్యకళ గారు గొడుగు విప్పి ఆయన తలమీద పట్టుకుని, ఏ తొందరా లేకుండా, తలూపుతూ పక్కనే నిలబడి ఉన్నారు.